ఊరూ విద్యాపీఠమూ : విద్యార్థి రక్షణ చరిత్ర

విశ్వవిద్యాలయంలో రక్షణ అనగానే నేడు మనకు ప్రహరీగోడ, ప్రధాన ద్వారం దగ్గర కాపలాదారు, గుర్తింపు కార్డు, దీపస్తంభాలు, కెమెరాలు గుర్తుకు వస్తాయి. ఇవి అక్కరలేనివని ఎవరూ అనరు. అయితే ఐరోపాలో తొలినాటి విశ్వవిద్యాలయాలకు గోడలు లేవు, ద్వారాలు లేవు, అసలు సొంత భవనాలే లేవు. ఉపాధ్యాయుడు అద్దె గదిలో పాఠం చెప్పేవాడు. విద్యార్థి ఊళ్ళో మరొకరి ఇంట్లో అద్దెకు ఉండేవాడు. అందువల్ల విద్యార్థి క్షేమం, ఆ ఊరి ప్రజలతో విశ్వవిద్యాలయానికి ఉన్న సంబంధం వేర్వేరు విషయాలుగా ఉండేవి కావు. ఆ విద్యాపీఠాల తొలి శాసనాలను పరిశీలిస్తే వాటిలో పాఠ్యప్రణాళికల ప్రస్తావన కన్నా అద్దెలు, రొట్టె ధర, దెబ్బలాటలు, సాక్ష్యాలు, జరిమానాల ప్రస్తావనే హెచ్చుగా కనబడుతుంది.

ఈ చరిత్రను మేము ఇక్కడ ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ పత్రిక చదివే విద్యార్థులలో చాలామంది తరతరాలుగా తెలుగునాడుకు వెలుపల స్థిరపడిన కుటుంబాల వారు. బెంగళూరులో గాని, చెన్నైలో గాని, బరంపురంలో గాని, పుణేలో గాని వారు పుట్టి పెరిగిన ఊరు వారికి సొంత ఊరే. అయినా ఇంటిభాష వేరు కావడం వల్ల ఏదో ఒక సందర్భంలో ‘మీరు ఎక్కడివారు?’ అన్న ప్రశ్న వారికి ఎదురవుతూనే ఉంటుంది. ఊరివాడుగాను, బయటివాడుగాను ఏకకాలంలో బతకడం ఎటువంటిదో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఊరికీ విద్యాపీఠానికీ మధ్య ఎనిమిది వందల ఏళ్లకు పైగా సాగిన ఈ కథ వారికి ఇతరులకన్నా బాగా బోధపడుతుందని మా నమ్మకం.

పరదేశి విద్యార్థి : బొలోనా

ఇటలీలోని బొలోనా నగరం 12వ శతాబ్దంలో రోమను న్యాయశాస్త్ర బోధనకు పేరు పొందింది. ఆల్ప్స్ పర్వతాల ఆవలి నుంచి కూడా విద్యార్థులు అక్కడికి వచ్చేవారు. అటువంటి పరదేశికి ఆ కాలంలో ఒక పెద్ద ప్రమాదం ఉండేది. ఏదో ఒక ప్రాంతంవాడు అప్పు తీర్చకుండా వెళ్ళిపోతే, అదే ప్రాంతం నుంచి వచ్చిన మరొకరు ఎవరు కంటబడినా వారి సొత్తు జప్తు చేసుకోవడం ఆనాటి ఆచారం. అప్పు చేసింది ఒకడు, చెల్లించవలసింది మరొకడు. ఇద్దరికీ ముఖపరిచయం ఉండనక్కరలేదు. ఒకే ప్రాంతంవారు కావడమే నేరం.

క్రీ.శ. 1155-58 ప్రాంతంలో జర్మన్ చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్ ఒక శాసనం జారీ చేశాడు. దాని తొలిమాటను బట్టి చరిత్రకారులు దానిని ‘హబీటా’ అని పిలుస్తారు. చదువుకోసం ప్రయాణించేవారు నిర్భయంగా వెళ్ళవచ్చును. వారి ప్రాంతంవారు మరెవరో చేసిన అప్పు కింద వారిని బాధించరాదు. అలా సొత్తు లాక్కుంటే నాలుగింతలు తిరిగి చెల్లించాలి. విద్యార్థిపై ఎవరైనా వ్యాజ్యం తెస్తే, ఆ విచారణ తన గురువు ఎదుటనా, నగర బిషప్పు ఎదుటనా అన్నది విద్యార్థే ఎంచుకోవచ్చును. సంగ్రహంగా ఇవీ ఆ శాసనంలోని అంశాలు. విద్యార్థి రక్షణకు సంబంధించి ఐరోపాలో ఇంత పాత శాసనం మరొకటి కనబడదు. ఒకడు చేసిన పనికి అతని ప్రాంతంవారందరినీ బాధ్యులను చేయరాదన్న సూత్రం దానికి పునాది.

‘విశ్వవిద్యాలయం’ అనే మన మాట చూసి, ‘యూనివర్సిటీ’ అన్న పేరు విశ్వంలోని సకల విద్యలనూ బోధించే చోటు అన్న అర్థంలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ‘యూనివర్సిటాస్’ అనే లాటిన్ మాటకు ఆనాడు సంఘం, శ్రేణి అనే అర్థం. నేతగాళ్లకు ఒక శ్రేణి ఉన్నట్టే చదువుకునేవారికీ ఒక శ్రేణి. బొలోనాలో ఈ సంఘాన్ని కట్టుకున్నది విద్యార్థులే. వారిలో ఒకరిని తమ అధిపతిగా వారే ఎన్నుకునేవారు. సంఘంలో ప్రాంతాలవారీగా ‘నేషన్లు’ అనే ఉపసంఘాలు ఉండేవి. బొలోనా పౌరులైన విద్యార్థులకు ఈ సంఘంలో సభ్యత్వం లేదన్నది గమనించదగ్గ విషయం. వారికి నగరమే అండ. అండ లేనివారు కలిసి కట్టుకున్నది ఈ సంఘం. విశ్వవిద్యాలయం అనే వ్యవస్థ బయటివారి భద్రతా సంఘంగా కూడా పుట్టిందన్నమాట.

ఆ సంఘం నగరంతో బేరమాడి సాధించుకున్న వాటిలో ముఖ్యమైనది అద్దెల మదింపు. విద్యార్థుల పక్షం నుంచీ నగరం పక్షం నుంచీ నియమితులైన మదింపుదారులు కలిసి కూర్చుని ఇళ్ల అద్దెలు ఖాయపరిచేవారు. ఇంటివారికీ విద్యార్థికీ మధ్య వచ్చే ముఖ్యమైన తగాదా అద్దె గురించే కాబట్టి, ఇరుపక్షాలవారూ ఒకే చాప మీద కూర్చుని లెక్క తేల్చే ఈ ఏర్పాటు అనేక తగవులను మొదట్లోనే ఆపగలిగేది. బేరం కుదరనప్పుడు విద్యార్థుల చేతిలో ఒక ఆయుధం ఉండేది. పుస్తకాలు సర్దుకుని మరో ఊరికి తరలిపోవడమే ఆ ఆయుధం. 1222లో బొలోనా నుంచి అలా వెళ్ళినవారి వల్లనే పాదువా విశ్వవిద్యాలయం ఏర్పడింది.

చూసినవారు తప్పుకోరాదు : పారిస్

పారిస్‌లో 1200 సంవత్సరంలో ఒక జర్మన్ విద్యార్థి సేవకుడు ద్రాక్షసారా అంగడిలో దెబ్బలు తిన్నాడు. అతని తరఫున విద్యార్థులు వెళ్ళి అంగడివాణ్ణి కొట్టారు. అందుకు ప్రతిగా నగర పాలనాధికారి పట్టణ ప్రజలను వెంటబెట్టుకుని జర్మన్ విద్యార్థుల వసతిగృహంపై పడ్డాడు. కొందరు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. శాంతిని కాపాడవలసిన అధికారే దాడికి నాయకత్వం వహించడంతో గురువులు నగరం విడిచిపోతామన్నారు. ఫ్రాన్సు రాజు రెండవ ఫిలిప్ ఆ అధికారిని శిక్షించి, ఒక శాసనం ఇచ్చాడు.

ఆ శాసనంలో ఒక నిబంధన నేటికీ ఆలోచింపజేస్తుంది. విద్యార్థికి ఎవరైనా హాని చేయగా చూసిన పౌరుడు ఉన్నది ఉన్నట్టు సాక్ష్యం చెప్పాలి. చూడకుండా ఉండడం కోసం అక్కడి నుంచి తప్పుకోరాదు. పారిస్ పౌరులు ఈ మేరకు ప్రమాణం చేయవలసి వచ్చింది. పదవి స్వీకరించే నగర పాలనాధికారి కూడా విద్యార్థుల హక్కులను పాటిస్తానని ప్రమాణం చేయాలి. రక్షణ భారాన్ని ఒక్క భటుల మీదనే కాక, చూసేవారందరి మీదా పెట్టిన శాసనమిది. కాని ప్రమాణం చేయవలసింది పౌరులు మాత్రమే. పౌరుడికి విద్యార్థి హాని చేస్తే చూసిన విద్యార్థి ఏం చేయాలో ఈ ప్రమాణంలో లేదు. ఈ లోటు ఫలితం మరో మూడు దశాబ్దాలకు బయటపడింది.

1229లో పండుగ రోజులలో పారిస్ శివారులో సారా వెల దగ్గర మళ్ళీ తగాదా వచ్చింది. దెబ్బలు తిన్న విద్యార్థులు మరునాడు కర్రలతో, కత్తులతో తిరిగివచ్చి అంగడిని ధ్వంసం చేసి, దారిన పోయేవారిని కూడా కొట్టారు. రాజభటులు విద్యార్థులపై విరుచుకుపడగా కొందరు మరణించారు. వారు ఆ గొడవతో సంబంధం లేనివారని ఆనాటి వృత్తాంతకర్తలు రాశారు. విశ్వవిద్యాలయం చెదిరిపోయి రెండేళ్లపాటు మూతపడింది. 1231లో పోపు తొమ్మిదవ గ్రెగరీ ఇచ్చిన ప్రసిద్ధ శాసనంతో అది తిరిగి తెరుచుకుంది.

ఆక్స్‌ఫర్డ్ : జరిమానా నుంచి పుట్టిన నిధి

పారిస్‌లో జరిగింది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో మరింత తీవ్రంగా జరిగింది. 1209లో అక్కడ ఒక విద్యార్థి చేతిలో పట్టణ స్త్రీ ఒకరు మరణించారు. విద్యార్థి పరారయ్యాడు. అతడు దొరకకపోయేసరికి పట్టణంవారు అతనితో కలిసి ఉంటున్న విద్యార్థులను పట్టుకుని, రాజు జాన్ సమ్మతితో ఇద్దరు ముగ్గురిని ఉరితీశారు. వారు చేసిన నేరమల్లా హంతకునితో ఒకే ఇంట్లో అద్దెకు ఉండడమే. ‘హబీటా’ ఏ ఆచారాన్ని నిషేధించిందో అదే ఆచారం అర్ధశతాబ్దం గడిచాక మరో దేశంలో ప్రాణాలు తీసింది. గురువులు, విద్యార్థులు ఆక్స్‌ఫర్డ్ వదిలిపోయారు. వారిలో కొందరు చేరిన ఊరు కేంబ్రిడ్జి. ఆ విశ్వవిద్యాలయ చరిత్ర అక్కడ మొదలవుతుంది.

అదే సమయంలో, చనిపోయిన ఆ స్త్రీకి జరిగిన అన్యాయాన్ని మనం మరచిపోరాదు. ఆమె పేరు కూడా మనకు దక్కలేదు. విశ్వవిద్యాలయాల చరిత్రలు ఉరికంబమెక్కిన విద్యార్థులతో మొదలుపెట్టి కేంబ్రిడ్జి దారి పడతాయి. పట్టణంవారి కోపానికి కారణం ఒక నిండు ప్రాణం.

1214లో పోపు ప్రతినిధి నికొలస్ రాజీ కుదిర్చాడు. విద్యార్థుల వసతిగృహాల అద్దె పదేళ్లపాటు సగమే తీసుకోవాలి. తినుబండారాలు న్యాయమైన ధరకు అమ్మాలి. ఏటా 52 షిల్లింగులు పేద విద్యార్థులకు ఇవ్వాలి. ఏడాదికొకసారి సెయింట్ నికొలస్ పండుగనాడు నూరుగురు పేద విద్యార్థులకు భోజనం పెట్టాలి. ఉరితీతలో పాలుపంచుకున్నవారు కాళ్లకు జోళ్లు లేకుండా నడిచి ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. 1240లో లింకన్ బిషప్పు రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ ఈ 52 షిల్లింగుల సొమ్మును ఒక పెట్టెలో నిధిగా నిలిపే ఏర్పాటు చేశాడు. పేద విద్యార్థి పుస్తకమో మరో వస్తువో తాకట్టు పెట్టి అందులోంచి అప్పు తీసుకోవచ్చును. ప్రాణనష్టానికి చెల్లించిన జరిమానా ఈ విధంగా విద్యార్థుల రుణనిధిగా మారింది. తగవులోంచి ఉభయులకూ పనికివచ్చే ఏర్పాటు పుట్టవచ్చునని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఆ ఏర్పాటుకు సొమ్ము చెల్లించినది పట్టణమే, ప్రయోజనం పొందినది విద్యాపీఠమే.

అండ ముఠాగా మారినప్పుడు

విద్యార్థికి ముప్పు ఎప్పుడూ ఊరి నుంచే వచ్చిందనుకోవడం పొరపాటు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ ‘నేషన్లు’ ఉండేవి. ఉత్తరాదివారు ఒకటి, దక్షిణాదివారు మరొకటి. బయటి ఊళ్లో తనవారి అండ కోసం ఏర్పడిన ఈ కూటములు కాలక్రమాన ముఠాలుగా మారి వీధులలో కొట్టుకున్నాయి. 1274లో సంధి కుదిర్చి ఉత్తర దక్షిణ భేదాన్ని పాటించరాదని నిర్ణయించినా కక్షలు పోలేదు. 1333లో ఉత్తరాది గురువులు, విద్యార్థులు కొందరు విడిపోయి లింకన్‌షైరులోని స్టామ్‌ఫర్డ్ పట్టణంలో వేరుకుంపటి పెట్టారు. రాజు మూడవ ఎడ్వర్డ్ 1335 నాటికి దానిని మూయించాడు. స్టామ్‌ఫర్డ్‌లో పాఠం చెప్పబోమని ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రులు ప్రమాణం చేయాలన్న నియమం మాత్రం 1827 వరకు అమలులో ఉంది. కారణం అందరూ మరచిపోయిన తరవాత కూడా కక్ష మాత్రం అయిదు వందల ఏళ్లు కాగితాల మీద నిలిచింది.

మూడు దినాల రక్తపాతం

1355 ఫిబ్రవరి 10, సెయింట్ స్కొలాస్టికా పండుగ. ఆక్స్‌ఫర్డ్ నడిబొడ్డున, నాలుగు వీధుల కూడలిలోని స్విండిల్‌స్టాక్ అనే మద్యశాలలో ఇద్దరు విద్యార్థులకు, అంగడి యజమానికి సారా నాణ్యం విషయమై మాటా మాటా పెరిగింది. విద్యార్థులు సారాను, దాని కుండను అతని మీదికి విసిరారు. పట్టణంవారు సెయింట్ మార్టిన్ చర్చి గంట మోగించి జనాన్ని పోగుచేశారు. విశ్వవిద్యాలయం సెయింట్ మేరీ చర్చి గంట మోగించి విద్యార్థులను పోగుచేసింది. ఒకే ఊరిలో రెండు గంటలు, రెండు సేనలు. మరునాడు చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్ద గుంపులు పట్టణంవారికి తోడుగా వచ్చాయి. మూడు దినాలు సాగిన ఈ రక్తపాతంలో వసతిగృహాలు లూటీ అయ్యాయి. సంప్రదాయంగా చెప్పే లెక్క ప్రకారం 63 మంది విద్యావంతులు, సుమారు 30 మంది పట్టణంవారు మరణించారు.

సారా బాగులేదన్న మాటకు ఇంత రక్తం ఎందుకు కారింది? అంతకు ముందు నూరేళ్ల చరిత్రలో దీనికి జవాబు ఉంది. 1214 తరవాత జరిగిన ప్రతి తగాదాలోనూ రాజు విశ్వవిద్యాలయానికే కొత్త హక్కులు ఇస్తూ వచ్చాడు. రొట్టె, సారాల నాణ్యం తనిఖీలో దానికి పాలు దక్కింది. విద్యార్థి తప్పు చేస్తే అతనిపై విచారణ విశ్వవిద్యాలయాధిపతి అయిన ఛాన్సలర్ కోర్టులో. తగాదాలో పట్టణవాసి ఉంటే అతడు కూడా ఆ కోర్టుకే రావాలి. తన ఊరిలో తనకు న్యాయం జరగదన్న భావం పట్టణవాసిలో నాటుకుపోయింది. 1348-49 నాటి మహామారి ఊరిని కుదేలు చేసిన తరవాత ఆ భావం మరింత ముదిరింది. మద్యశాలలో పగిలిన కుండ ఒక నెపం మాత్రమే.

తూనికలు ఎవరి చేతిలో?

అల్లర్ల తరవాత ఊరూ విద్యాపీఠమూ రెండూ తమ హక్కులను రాజు పాదాల దగ్గర పెట్టాయి. మూడవ ఎడ్వర్డ్ విశ్వవిద్యాలయం హక్కులను తిరిగి ఇవ్వడమే కాక, 1355 జూన్‌లో వెలువడిన శాసనం ద్వారా మరికొన్ని కలిపాడు. రొట్టె, సారాల ధర, నాణ్యం తనిఖీ, పట్టణంలోని తూనికలు కొలతల పర్యవేక్షణ ఛాన్సలర్ చేతికి వచ్చాయి. కొనేవాడి చేతికే త్రాసు ఇచ్చినట్టయింది. అంతేకాదు. ఏటా అదే పండుగనాడు పట్టణ మేయరు, అధికారులు, అరవై మంది పట్టణ ప్రముఖులు సెయింట్ మేరీ చర్చికి వచ్చి, మృతుల ఆత్మశాంతికి జరిగే ప్రార్థనలో పాల్గొని, తలకొక పెన్నీ సమర్పించాలి. మరణించిన పట్టణంవారి కోసం ఇటువంటి ప్రార్థన ఏదీ విధించబడలేదు.

ఈ తంతు 470 ఏళ్లు నడిచింది. మధ్యలో మతసంస్కరణ వచ్చి ప్రార్థన రూపం మారింది, రాజవంశాలు మారాయి, పెన్నీలు మాత్రం ఆగలేదు. 1825లో ఆనాటి మేయరు ఇక రానని నిరాకరించడంతో అది ఆగిపోయింది. ఆ కాలమంతటా విద్యార్థికి రక్షణ లభించిందా అంటే కొంతవరకు లభించిందనే చెప్పాలి. 1355 వంటి రక్తపాతం ఆక్స్‌ఫర్డ్‌లో మళ్ళీ జరగలేదు. కాని ఊరికీ విద్యాపీఠానికీ మధ్య మనసులు కలవలేదు. ఇంగ్లీషులో ఆ రెండు వర్గాల వైరానికి పట్టణాన్నీ, విద్యావంతుల అంగీనీ జోడించి చెప్పే ఒక జంటపదమే ఏర్పడింది.

ఏకపక్షపు అధికారం ఎంతవరకు వెళ్ళగలదో కేంబ్రిడ్జి చూపింది. విద్యార్థుల శీలాన్ని కాపాడే పేరిట అక్కడి ప్రాక్టర్లకు, అంటే విశ్వవిద్యాలయ క్రమశిక్షణాధికారులకు, వీధిలో అనుమానం కలిగిన స్త్రీలను పట్టుకునే అధికారం ఎలిజబెత్ రాణి 1561లో ఇచ్చిన శాసనం వల్ల లభించింది. అటువంటి స్త్రీలను ‘స్పిన్నింగ్ హౌస్’ అనే విశ్వవిద్యాలయపు సొంత చెరసాలలో పెట్టేవారు. 1846లో ఎలిజబెత్ హౌ అనే యువతిని అక్కడ ఒక చలిరాత్రి తడి పక్కమీద పడుకోబెట్టగా, ఆమె జబ్బుపడి మరణించింది. 1891లో డైసీ హాప్‌కిన్స్ అనే పదిహేడేళ్ల యువతిని విశ్వవిద్యాలయ సభ్యునితో కలిసి నడిచిందన్న అభియోగంపై శిక్షించారు. ఆ మాటలలో రాసిన అభియోగం చట్టం దృష్టిలో నేరమే కాదని లండన్ న్యాయస్థానం ఆమెను విడిపించింది. దేశమంతటా దుమారం లేచి, 1894 నాటి చట్టంతో ఆ అధికారం రద్దయింది. ఆమెతో నడిచిన విద్యార్థి ఎవరి చెరలోనూ లేడు. ఒకరి రక్షణ పేరుతో మరొకరి రక్షణను తీసివేయడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మాకు తెలియదు.

ఊరిలోకి నడిచిన విద్యార్థులు

మార్పు కేవలం చట్టాల వల్ల రాలేదు. 19వ శతాబ్దం చివరిలో విశ్వవిద్యాలయం ఊరి వైపు నడవడం నేర్చుకుంది. 1873 నుంచి కేంబ్రిడ్జి ఇతర పట్టణాలలో పనిపాటలవారికి, స్త్రీలకు ఉపన్యాసాలు ఏర్పాటు చేసింది. 1884లో శామ్యూల్ బార్నెట్, హెన్రియెటా బార్నెట్ దంపతులు లండన్‌లోని పేదల పేట వైట్‌చాపెల్‌లో టాయిన్బీ హాల్ స్థాపించారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో చదివిన యువకులు ఆ పేటలో నివాసం ఉండి, రాత్రిబడులు నడుపుతూ, న్యాయసలహా ఇస్తూ, అక్కడివారి జీవితం తెలుసుకోవాలన్నది దాని ఉద్దేశం. భారత స్వాతంత్ర్య సమయంలో బ్రిటిష్ ప్రధాని అయిన క్లెమెంట్ అట్లీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఆ సంస్థకు కొంతకాలం కార్యదర్శిగా పనిచేసినవారే.

చివరకు 1955 ఫిబ్రవరి 10న, సరిగా ఆరువందల ఏళ్లకు, ఆక్స్‌ఫర్డ్‌లో సయోధ్య జరిగింది. విశ్వవిద్యాలయం పట్టణ మేయరుకు గౌరవ పట్టా ఇచ్చింది. పట్టణం వైస్ ఛాన్సలర్‌కు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఇరువురూ ఇచ్చారు, ఇరువురూ పుచ్చుకున్నారు. 1355 నాటి పెన్నీలకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

మన దేశంలో ఈ దారి

ఆ సయోధ్యకు మూడేళ్ల ముందు వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యపదవిలో ఉన్న ఒక తెలుగు కుటుంబీకుని గురించి ఇక్కడ చెప్పుకోవాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో నేటి తమిళనాడులోని తిరుత్తణిలో జన్మించారు, మద్రాసులో చదివారు, 1918 నుంచి మూడేళ్లు మైసూరులో బోధించారు, 1931-36 మధ్య ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా ఉన్నారు, 1936 నుంచి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్యమతాల ఆచార్యులు. తెలుగునాడుకు వెలుపల పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థులకు ఆయన జీవితం దగ్గరిది. ఆయన అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, విద్యాసంస్థలలో స్వచ్ఛందంగా జాతీయ సేవను ప్రవేశపెట్టాలని సిఫారసు చేసింది. రెండు దశాబ్దాల చర్చల అనంతరం 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో అది మొదలయింది. ‘ఎన్నెస్సెస్ క్యాంపు’ అనగానే మనకు మార్కులు, హాజరు గుర్తుకు వస్తే వచ్చుగాక. ఊరివారితో కలిసి చెరువు పూడిక తీసిన విద్యార్థి ఆ ఊరిలో అపరిచితుడుగా మిగలడన్నది ఆ పథకం వెనుక ఉన్న ఆలోచన.

ఆ పరిచయం లేనిచోట ఏమవుతుందో 2012 ఆగస్టులో బెంగళూరు చూసింది. అంతకు ముందు నెలలో అస్సాంలోని కోక్రాఝార్ ప్రాంతంలో జరిగిన హింసకు ప్రతీకారంగా ఇక్కడ ఉన్న ఈశాన్య రాష్ట్రాలవారిపై దాడులు జరుగుతాయని సెల్‌ఫోన్లలో పుకార్లు వ్యాపించాయి. కొద్ది రోజులలో వేలాది విద్యార్థులు, ఉద్యోగులు రైల్వే స్టేషనుకు చేరుకున్నారు. గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయవలసి వచ్చింది. చెన్నై, పుణేల నుంచి కూడా జనం కదిలారు. ఒకేసారి అనేకమందికి సందేశాలు పంపడంపై కేంద్రప్రభుత్వం 15 రోజుల ఆంక్ష విధించింది. ఎక్కడో ఎవరో చేసిన దానికి ఇక్కడ ఉన్న అదే ప్రాంతంవాడు బాధ్యుడన్న పాత ఆచారాన్ని 12వ శతాబ్దంలోనే ‘హబీటా’ నిషేధించింది. ఎనిమిదిన్నర శతాబ్దాల తరవాత ఆ ఆచారం పేరు చెబితేనే వేలమంది మూటాముల్లె సర్దుకున్నారు. ప్రాంగణాలకు గోడలున్నాయి, కాపలాదారులున్నారు. పుకారు విన్న రాత్రి తలుపు తట్టి, ‘మీకేం భయం లేదు, మేమున్నాం’ అని చెప్పే ఇరుగుపొరుగు ఎందరికి ఉన్నారన్నదే అసలు ప్రశ్న.

మన పని

ఈ చరిత్ర చెప్పే సంగతి ఒక్కటే. ఒక పక్షానికి మాత్రమే ఇచ్చిన రక్షణ రెండవ పక్షానికి గాయమవుతుంది. ఆ గాయమే తిరిగి మొదటి పక్షానికి ముప్పవుతుంది. బొలోనాలో ఇద్దరూ కూర్చుని అద్దె తేల్చిన పద్ధతి, 1955లో ఇద్దరూ ఇచ్చిపుచ్చుకున్న గౌరవం ఒక దారి. కొనేవాడి చేతికే త్రాసు ఇచ్చిన 1355 నాటి తీర్పు, స్పిన్నింగ్ హౌస్ మరొక దారి.

వెలుపలి తెలుగు విద్యార్థులకు ఇందులో ఒక ప్రత్యేక స్థానం ఉందని మా అభిప్రాయం. వారికి ఊరి భాష వచ్చు, విద్యార్థి భాషా వచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థికీ, కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే ఇంటి యజమానికీ మధ్య అడ్వాన్సు సొమ్ము గురించి మాట వచ్చినప్పుడు, ఇద్దరి మాటా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పగలిగినవారు వారే. అప్పుడు మనవాడి పక్షాన నిలబడడం సులభం. ఇద్దరి లెక్కా విని న్యాయం చెప్పడం కష్టం. కాని ఆ మరుసటి ఏడాది అదే వీధిలో మరో తెలుగు విద్యార్థికి ఇల్లు దొరకడం ఆ కష్టమైన పని మీదనే ఆధారపడి ఉంటుంది.

ప్రాంగణాలలోని మన తెలుగు సంఘాలు కూడా ఆక్స్‌ఫర్డ్ ‘నేషన్ల’ కథను గుర్తుంచుకోవడం మంచిది. కొత్తగా వచ్చినవారికి అన్నం ఎక్కడ దొరుకుతుందో, ఆసుపత్రి ఎక్కడుందో చెప్పే సంఘం అండ. ఇతర ప్రాంతాలవారితో తలపడడానికి జనాన్ని పోగుచేసే సంఘం ముఠా. ఒకే సంఘం ఈ రెండింటిలో ఏదైనా కాగలదు. ఉగాది సభకు వీధిలోని వారిని, మెస్సు నడిపే అమ్మను, హాస్టలు కాపలాదారును, పక్క రాష్ట్రాల విద్యార్థులను పిలిచే సంఘం ఏదో, పిలవని సంఘం ఏదో చూస్తే అది ఎటు పోతున్నదో తెలుస్తుంది.

పారిస్ శాసనంలోని ప్రమాణాన్ని ఇరువైపులా చేసుకుంటే చాలునని మాకు అనిపిస్తుంది. ఎవరికి ఎవరు హాని చేస్తున్నా, హాని చేసేవాడు మనవాడైనా సరే, చూసినవాడు అక్కడి నుంచి తప్పుకోరాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. గోడలు, కాపలా, కెమెరాలు ఆ తరవాతి ఏర్పాట్లు.